ముందు పిలవాలి

జనవరి 6, సోమవారం

ఇవాళ్టి నుంచి డైరీ. కారణం: "ఈ స్కూలు గోల ఇంక నా చెవిలో పోయకు వెండెల్, తెల్లారి నేను బస్సు తీయాలి" అని మేవ్ దుప్పటి ముసుగుతన్నింది. భార్య చెవులు మూసుకున్న మగవాడికి ఇంక మిగిలింది కాగితమే.

చరిత్రలో పట్టా ఉన్నవాణ్ణి కనక పక్షపాతం లేకుండా నమోదు చేస్తున్నాను. నా కూతురు ఎల్సీ ఆగస్టులో బళ్ళో చేరాలి. మా అమ్మతో కాంటొనీస్ మాట్లాడుతుంది, అంటే మా పెద్దలు దక్షిణ చైనా నుంచి తెచ్చుకున్న భాష. మాతో ఇంగ్లీషు. రెండూ గలగలా మాట్లాడుతుంది. అదే ఆగస్టులో మా అమ్మ శాక్రమెంటోలో మా అక్క లోరెయిన్ దగ్గరికి వెళ్ళిపోతోంది. అక్కకి కవలలు పుట్టబోతున్నారు. ఇక్కడ ఒక్క మనవరాలు, అక్కడ ఇద్దరు. మా అమ్మ మెజారిటీ మాట మన్నించే మనిషి.

అంటే ఆగస్టు తర్వాత ఈ ఇంట్లో ఆ భాష మాట్లాడే మనిషి ఉండదు.

నేను లెక్కలోకి రాను. నాది అవసరానికి సరిపడా కాంటొనీస్. ఆ అవసరం ఇంతవరకు రాలేదు, అంతే.

అందుకని పాఠాలన్నీ చైనీస్‌లోనే చెప్పే బడి కావాలి. నేను కంగారు పడడం లేదు.

జనవరి 11, శనివారం

చైనా అధికార భాష మాండరిన్‌లో చెప్పే బడి చూసొచ్చాం. అద్దాల భవనం. పిల్లలు చిన్న గొంతులతో పెద్ద పద్యం అప్పజెప్పారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా అర్థమైనవాడిలా తలాడించాను. నా మొహం చూసి పక్కనున్న తెల్లాయన నన్ను అనువాదం అడిగాడు. "సందర్భం లేకుండా చెప్పడం కష్టం" అన్నాను గంభీరంగా.

"మీ ఇంట్లో మాండరినేనా?"

"కాదు, కాంటొనీస్."

"ఓ! ఎంత బాగుంటుందో!" అన్నాడు. ఎవరింట్లోనో పాత గ్రామఫోను ఇంకా పనిచేస్తోందంటే మనం అనే తీరులో.

ఇంటికొచ్చేసరికి అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది.

"మాండరిన్ బళ్ళోనే వెయ్యండి" అంది.

"నీకు మాండరిన్ రాదు కదమ్మా."

"నాకెందుకు? బడికెళ్ళేది నేనా?"

"మరి ఇది ఇంటికొచ్చి మాండరిన్ మాట్లాడితే?"

"తల ఊపుతాను. నువ్వు ఇంగ్లీషులో మాట్లాడితే ఇన్నేళ్ళుగా ఊపడం లేదూ?"

నేను చిక్కుడుకాయలు తుంచడం మొదలుపెట్టాను.

"మన భాషతో ఏమొస్తుందిరా? అంగట్లో బచ్చలికూర బేరమాడొచ్చు. దాని బతుకు అది బతకాలి, నాకోసం బతకాలా?"

అప్పటిదాకా బూట్ల తాళ్ళతో కుస్తీ పడుతున్న మేవ్ తలెత్తింది. మేవ్ డానెలీ, ఐరిష్ తాతల మనవరాలు, సిటీ బస్సు డ్రైవరు. మా ఇంట్లో చైనా రక్తం చుక్క లేనిది తనొక్కతే. "అత్తమ్మా, నా బస్సులో ముసలమ్మలు నన్ను తిట్టేది మాండరిన్‌లోనా? వెనక్కి జరగండి అని నేను రోజూ గొంతు చించుకునేది ఏ భాషలో? ఈ పిల్ల పుట్టింది ఈ ఊళ్ళో. రేపు మీరు శాక్రమెంటో నుంచి ఫోన్ చేస్తే తల ఊపుకుంటూ కూచోమంటారా దాన్ని?"

అమ్మ ఒక కాయని మామూలుకన్నా చిన్న ముక్కలు చేసింది. "పిచ్చివాళ్ళు" అంది, మా ఇద్దరి మీదా కలిపి.

మా వీధికి దగ్గర్లోనే కాంటొనీస్ బడి ఉంది. పాత భవనం, పెచ్చులూడిన రంగు. అందులోనే వేయాలని తేలిపోయింది.

రాత్రి భోజనంలో అమ్మ చేపలో అన్నిటికన్నా మంచి ముక్క, బుగ్గ, తీసి మేవ్ గిన్నెలో వేసింది. నాకు తోక.

జనవరి 12, ఆదివారం

చిన్న విషయం, రాయాల్సినంత కాదు.

మా ఇంట్లో పెద్దల్ని పిలవకుండా పిల్లలు చాప్‌స్టిక్కులు ముట్టకూడదు. ఎల్సీ రోజూ వరసగా అందర్నీ పిలుస్తుంది. "నాయనమ్మా, సిక్ ఫాన్." అన్నం తినండి అని. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగి, "మామీ, సిక్ ఫాన్." మేవ్ కూడా సిగ్గూ ఎగ్గూ లేకుండా, పగిలిన కుండలాంటి రాగంలో "సిక్ ఫాన్!" అని అరుస్తుంది. పిల్ల పకపకా నవ్వుతుంది.

నా వంతు వచ్చేసరికి ఇంగ్లీషులో, "డాడ్, నువ్వు తినొచ్చు."

ఆఫీసరు ఫైలు మీద ముద్ర కొట్టినట్టు ఉంటుంది. చెప్పానుగా, చిన్న విషయం.

జనవరి 18, శనివారం

ప్రవేశ పరీక్ష. ఇంట్లో భాష వచ్చిన పిల్లలకని కొన్ని సీట్లు వేరే ఉంచుతారు. ఒక టీచరమ్మ పిల్లని గదిలో కూచోబెట్టుకుని కబుర్లు చెప్పిస్తుంది. మాట్లాడితే చాలు, సీటు దాదాపు ఖాయం. మాట్లాడకపోతే ఊరంతా ఎగబడే లాటరీలో పడాలి.

వారం పాటు ఇల్లంతా సైనిక శిబిరం. రంగులు, పళ్ళు, జంతువులు. జూలో బోర్డులు రాసే ఉద్యోగం నాది కనక జంతువుల శాఖ నేను తీసుకున్నాను. బొమ్మ నేను చూపిస్తా, పేరు అమ్మ చెబుతుంది. పెలికాన్ దగ్గర అమ్మ ఆగి, "నోటికి సంచీ ఉన్న బాతు" అని తీర్పు ఇచ్చింది. పిల్ల అన్నీ గడగడా చెప్పేసింది.

పరీక్షకి అమ్మ రానంది. "తల్లిదండ్రులు వెళ్ళాలి. ముసలిదాన్ని చూస్తే నేర్పించి తెచ్చారనుకుంటారు." మేవ్, నేను వెళ్ళాం. తలుపు తీసినావిడ మిస్ లూయీ. ముందు వెంట్రుకలు నెరిసి ఉన్నాయి, బుగ్గలు మాత్రం పడుచు. "రా అమ్మా" అంది. మేం "గుడ్ లక్" అన్నాం. తలుపు మూసుకుంది.

బయట పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూచున్నాను. లోపల్నుంచి ఒకటే గొంతు వినిపిస్తోంది. మా పిల్లది కాదు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. "చాలా మర్యాదైన పిల్ల. ఒక్క మాట కూడా మాట్లాడలేదు" అంది మిస్ లూయీ ఇంగ్లీషులో, జాలిగా.

"బొమ్మలు చూపించారా?" మేవ్ అడిగింది.

"చూపించాను. గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. కూచోమన్నా కూచోలేదు."

కార్లో మేవ్ వెనక్కి తిరిగింది. "ఏమైంది బంగారం? ఎందుకు మాట్లాడలేదు?"

"ఆవిడ ఎవరో నాకు చెప్పలేదు" అంది ఎల్సీ, కిటికీలోంచి చూస్తూ.

కొత్త మనిషంటే బెరుకు. సహజం. రోగం తెలిసింది కనక మందు తేలిక. నేను కంగారు పడలేదు.

జనవరి 20

పడలేదు.

ఫిబ్రవరి 8, శనివారం

కొత్తవాళ్ళ భయం పోగొట్టే కార్యక్రమం, మొదటి విడత. పిల్లని బేకరీకి తీసుకెళ్ళాను. అద్దాల వెనక ముసలాయన, చేతిలో పట్టకారు. "ఏం కావాలి?" అన్నాడు కాంటొనీస్‌లో. ఎల్సీ గడ్డం ఛాతీకి ఆన్చేసింది. సాయం చేద్దామని నేను పందిమాంసం బన్ను వైపు వేలు పెట్టి, రెండు వేళ్ళు చూపించాను.

"నువ్వు మూగవాడివా?" అన్నాడు నాతో. నేను ఇంగ్లీషులో, అర్థమవుతుందండీ అన్నాను.

"వెదురుబొంగు" అని నవ్వుతూ బన్నులు సంచీలో పడేశాడు. బయటికి చైనా వెదురు, లోపలంతా బోలు. ఈ ఊళ్ళో పుట్టిన మాలాంటివాళ్ళకి పెద్దలిచ్చిన బిరుదు అది. చిన్నప్పటినుంచీ వింటున్నాను, నాకేం పట్టింపు లేదు. పట్టింపు లేదని ఇంటిదాకా అనుకుంటూ నడిచాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

రెండో విడత. అదే బేకరీ, అదే ముసలాయన, అదే పిల్ల. ఈసారి తోడు అమ్మ. అమ్మ ఏదో అంది, పిల్ల ఏదో అంది, ఆ తర్వాత మూసిన కుళాయి తిప్పినట్టు ఒకటే వాగుడు. ముసలాయన పట్టకారు పక్కన పెట్టి మరీ విన్నాడు. ఒక గుడ్డు టార్టు ఊరికే ఇచ్చాడు.

శాస్త్రీయంగా ఆలోచిస్తే తేడా ఒక్కటే, అమ్మ. బహుశా అమ్మ వాసన. కర్పూర తైలం, వెల్లుల్లి, ఉన్ని.

"పరీక్షకి అమ్మ స్వెటరు తొడిగి పంపిద్దాం" అన్నాను మేవ్‌తో.

"నువ్వు కోతుల దగ్గర ఎక్కువసేపు ఉంటున్నావు" అంది మేవ్.

మార్చి 17, సోమవారం

సీటు రాలేదు. లాటరీలోనూ పేరు లేదు. రెండు వీధుల అవతల ఇంగ్లీషు బడిలో ఇచ్చారు. మంచి బడే. తోట ఉంది, కుందేళ్ళు కూడా ఉన్నాయట.

అమ్మతో చెప్పాను. "సరే" అంది. పిల్ల జుట్టు దువ్వుతోంది. అప్పటికే దువ్విన జుట్టు.

"కుందేళ్ళున్నాయట" అన్నాను.

"మంచిదే కదరా. మీ అక్క దగ్గర్నుంచి ఫోన్ చేస్తాలే. ఇది ఏదో ఒకటి చెబుతుంది." జడ చివర రబ్బరు బ్యాండు వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేసింది. "మాట్లాడకపోయినా మొహం కనిపిస్తుంది కదా ఇప్పటి ఫోన్లలో."

అమ్మ ఫిర్యాదు చేయకుండా మాట్లాడితే నాకు భయం వేస్తుంది.

మార్చి 19

కొత్త బోర్డు రాయాలి. రాయలేకపోయాను. దాని బదులు ఇది వచ్చింది:

"వెదురుబొంగు నాన్న. సమశీతోష్ణ పట్టణాల్లో కనిపిస్తాడు. వినగలడు, అర్థం చేసుకోగలడు. కూయడు. ప్రమాదం లేదు."

చించేశాను.

ఏప్రిల్ 5, శనివారం

ఈ రోజుది పూర్తిగా రాయాలి.

పెద్దల సమాధులు శుభ్రం చేసే రోజులు కదా, ఊరవతల కోల్మా శ్మశానానికి వెళ్ళాం. మా నాన్న అక్కడే ఉన్నాడు. ఎల్సీ పుట్టకముందే పోయాడు. పోయినేడాది దానికి జ్వరమొచ్చి మేవ్‌తో ఇంట్లో ఉండిపోయింది, అంతకుముందు ఎత్తుకుంటే నిద్రపోయేది. తన కాళ్ళ మీద తను నిలబడి తాతని చూడడం ఇదే మొదలు.

శ్మశానమంతా తిరణాల. వేయించిన పంది, నారింజలు, అగరుబత్తుల పొగ, కార్ల హారన్లు. అమ్మ రాయి తుడిచి, తలతో ఉడికించిన కోడిని పళ్ళెంలో సర్దింది. మూడు కప్పుల్లో టీ పోసింది. "ఏమండీ, వచ్చాం. బండి పెట్టడానికి చోటు దొరకలేదు, మీ కొడుకు మూడు చుట్లు తిప్పాడు" అంది రాతితో.

నేను పిల్లని ముందుకి తోసి ఇంగ్లీషులో, "తాతకి హాయ్ చెప్పు" అన్నాను.

ఎల్సీ గడ్డం ఛాతీకి ఆనింది. చేతులు వెనక్కి వెళ్ళాయి. పరీక్ష రోజు మిస్ లూయీ చెప్పిన భంగిమ, బేకరీలో నేను చూసిన భంగిమ.

"సిగ్గుపడకు. ఇది తాతే. రాయి, అంతే. భయం లేదు."

కదల్లేదు.

పందిమాంసం కోస్తున్న అమ్మ తలెత్తకుండానే, కాంటొనీస్‌లో, ఎన్ని వేలసార్లు అన్నదో తనకే తెలియని ఆ మాట అంది. "పిలువు. యే యే."

నాన్న తండ్రిని అలా పిలవాలి.

"యే యే!" అంది నా కూతురు. గడ్డం లేచింది, చేతులు ముందుకొచ్చాయి. ఇక చూడు. "యే యే, సిక్ ఫాన్! ఇది నా కోటు, ఎర్రది. ఆ పక్షి నల్లది, అది కాకి. మీకు నారింజలు తెచ్చాం, ఒకటి రెండు మూడు నాలుగు. కోడి కూడా ఉంది, దానికి తల ఉంది కానీ మీరు భయపడకండి, అది చచ్చిపోయింది. మా డాడ్ జూలో పని చేస్తాడు. అక్కడ నోటికి సంచీ ఉన్న బాతు ఉంది..."

రంగులు, పళ్ళు, అంకెలు, జంతువులు. పరీక్ష మొత్తం. ఒక రాతికి అప్పజెప్పింది.

నా చేతిలో అగరుబత్తులు నాన్న టీలో పడ్డాయి.

"అమ్మా, ఆ రోజు బేకరీలో నువ్వేమన్నావు దీంతో?"

"ఏమంటాను? ముసలాయన్ని పిలవమన్నాను. తాతగారూ అని."

"మరి పరీక్ష గదిలో టీచర్ని ఏమని పిలవాలో..."

"నువ్వు చెప్పలేదా?" అమ్మ కత్తి ఆగింది.

"గుడ్ లక్ అన్నాను."

"గుడ్ లక్!" అమ్మ నాన్న వైపు తిరిగింది. "విన్నారా? గుడ్ లక్ అన్నాట్ట! ఒరేయ్, వరసేమిటో చెప్పకుండా పెద్దదాని ముందు నిలబెడితే పిల్ల నోరెలా విప్పుతుందిరా? ముందు పిలవాలి, తర్వాత మాట్లాడాలి. దాన్ని నేనేం అడవిలో పెంచానా?"

"నన్ను కూడా నువ్వే పెంచావు."

"అదే నా బాధ" అంది.

మేవ్ అప్పటికే గడ్డిలో కూచుని, కడుపు పట్టుకుని నవ్వుతోంది, కళ్ళల్లో నీళ్ళు. "అంటే ఆ పూటంతా అది అక్కడ మర్యాదగా నిలబడి, ఎవరైనా పరిచయం చేస్తారేమో అని చూస్తోందన్నమాట. పెలికాన్ దాకా నేర్పాం కదయ్యా! పెలికాన్!"

దాని మాట మళ్ళీ చెవిలో మోగింది. ఆవిడ ఎవరో నాకు చెప్పలేదు. ఎంత స్పష్టంగా చెప్పింది! దానికి నేను బెరుకు అని పేరు పెట్టాను. ఎవరి బెరుకో.

ఎల్సీ ఇంకా యే యేతో మాట్లాడుతూనే ఉంది. ఆయన అంత ఓపికగా ఎవరి మాటా విని ఉండడు.

ఏప్రిల్ 8

ఖాళీలు మిగిలితే రెండో విడతలో మళ్ళీ పరీక్ష పెట్టమని అడగొచ్చట. అడిగాను. జూన్ 7.

మే 10, శనివారం

ఇప్పుడున్న ప్రశ్న ఒకటే. మిస్ లూయీని ఏమని పిలవాలి? జుట్టు చూస్తే అమ్మమ్మ వరస, బుగ్గలు చూస్తే అక్క వరస. పైకి పోతే ఆవిడ నొచ్చుకుంటుంది, కిందికి పోతే నేను సరసమాడినట్టు ఉంటుంది. రాజ్యాలు ఇలాంటి చోటే కూలి ఉంటాయి.

అమ్మ ఒక్క క్షణంలో తేల్చేసింది. "యీ యీ. పిన్ని. ఆడదాన్ని వయసు తగ్గించి పిలిస్తే కోర్టుకెళ్ళదు."

ఈసారి అమ్మే పిల్లని పట్టుకెళ్ళి తలుపు దగ్గర ఆ మాట అంటుంది. బెంగ లేదు.

జూన్ 3, మంగళవారం

అక్కని డాక్టరు మంచం దిగొద్దన్నాడు. అమ్మ ఇవాళ బస్సెక్కి వెళ్ళింది. నెలాఖరుకి గానీ రాదు.

జూన్ 4, బుధవారం

ఇంట్లోనే ముందుగా చెప్పేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. "టీచర్ని యీ యీ అని పిలవాలి, సరేనా?" అన్నాను ఇంగ్లీషులో.

"ఆవిడ ఇక్కడ లేదు కదా" అంది ఎల్సీ.

"ఉన్నప్పుడు."

"ఉన్నప్పుడు చెప్పు." కాసేపు ఆలోచించింది. "నాయనమ్మ చెప్పినట్టు చెప్పు. నువ్వు చెప్పినట్టు కాదు."

మేవ్ వింది. "శనివారం డ్యూటీ మార్చుకుంటాను. నేను చెబుతాలే. నాకు సిగ్గు లేదని ఊరంతా తెలుసు."

మంచి ఉపాయం. అందరికీ మేలు. సరే అనబోయాను. నోరు తెరిచేసరికి "వద్దు, నేను చెబుతాను" అని వచ్చింది. మేవ్ నన్ను చూసింది. నేను కూడా కొంచెం ఆశ్చర్యంగా నన్ను చూసుకున్నాను.

జూన్ 5

జూలో పెలికాన్ల దగ్గర సాధన చేశాను. "పిలువు. యీ యీ." అవి పట్టించుకోలేదు. రాగం తప్పి ఉంటుంది. ఈ భాషలో రాగం మారితే మాటే మారిపోతుంది.

జూన్ 6, శుక్రవారం

కంగారుగా ఉంది. రాసేశాను, అయిపోయింది.

అమ్మకి ఫోన్ చేశాను. అన్నం వండుతోంది, వెనకాల మూత చప్పుడు. ఆ రెండు మాటలూ అని వినిపించాను. మూత చప్పుడు ఆగింది.

"మళ్ళీ అను" అంది.

అన్నాను.

"మొదటి యీ కింద పెట్టు. రెండోది పైకెత్తు."

కింద పెట్టాను, పైకెత్తాను. నాకు ముప్ఫై ఎప్పుడో దాటాయి, ఆవిడకి డెబ్భై. ఫోన్లో పిన్నీ పిన్నీ అనుకుంటూ కూచున్నాం. నా గొంతు నాకే ఏడేళ్ళ పిల్లాడిదిలా వినిపించింది. ఇక చాలమ్మా అన్నాను చివరికి.

"చాలదు. కానీ అర్థమవుతుంది" అంది. ఫోన్ పెట్టలేదు. "ఇంకేమైనా అను" అంది.

"అన్నం తిన్నావా?" అన్నాను, కాంటొనీస్‌లో.

"ఇంకా లేదురా. నువ్వు తిన్నావా?" అంది, వెంటనే, ఎన్నాళ్ళనుంచో ఆ ప్రశ్న కోసం కాచుకుని ఉన్నట్టు.

జూన్ 7, శనివారం

మళ్ళీ అదే వరండా, అవే పిల్లల కుర్చీలు. మా వెనక ఇంకో రెండు కుటుంబాలు. వాళ్ళ నాయనమ్మలిద్దరూ నన్ను తలనుంచి కాలిదాకా చూశారు. మిస్ లూయీ తలుపు తీసింది. నన్ను గుర్తుపట్టి ఇంగ్లీషులో పలకరించబోయింది.

ఎల్సీ గడ్డం అప్పుడే కిందికి దిగుతోంది.

నాయనమ్మలు వింటున్నారు. నా చెవులు కాలిపోతున్నాయి. పిల్ల వీపు మీద చెయ్యి వేసి, పెలికాన్లకి చెప్పినంత గట్టిగా అన్నాను. "పిలువు. యీ యీ."

వెనకనుంచి ఒక నాయనమ్మ "హుఁ" అంది. మొదటి యీ ఇంకా కిందికి ఉండాల్సిందని నాకూ తెలుసు.

ఎల్సీ టీచర్ని చూడలేదు. తల పూర్తిగా పైకెత్తి నన్ను చూసింది. కుర్చీ మాట్లాడితే చూసినట్టు. చాలాసేపు చూసింది. తర్వాత మిస్ లూయీ వైపు తిరిగి, చక్కగా, నాయనమ్మ రాగంలో, "యీ యీ!" అంది.

మిస్ లూయీ మొహం వెలిగిపోయింది. అమ్మ చెప్పింది నిజం, కోర్టుకెళ్ళే రకం కాదు.

తలుపు మూసుకుంది. ఈసారి లోపల్నుంచి ఒకటే గొంతు. మా పిల్లది.

బయటికొచ్చాక మిస్ లూయీ నవ్వు ఆపుకుంటోంది. నాతో ఇంగ్లీషు వదిలేసి కాంటొనీస్‌లోనే మాట్లాడింది, మెల్లగా, నాకు అందేలా. "మీ ఇంట్లో అందరి సంగతులూ చెప్పింది. కోడి తల గురించి కూడా. మీ గురించి అడిగితే ఏమందో తెలుసా?"

ఏమందండీ అని అడగాల్సిన మాట నాకు వచ్చు. కానీ వెతుక్కునేలోపే ఆవిడ చెప్పేసింది.

"'మా డాడ్‌కి ఇవాళే మాటలొచ్చాయి' అంది."

జూన్ 20, శుక్రవారం

వచ్చింది!!

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ముందు పిచ్చివాళ్ళు అంది. తర్వాత ముక్కు చీదింది. జలుబట.

జులై 2

అమ్మ తిరిగొచ్చింది, సామాను సర్దుకోవడానికి. అక్క పిల్లలు బయటికి రావడానికి తొందరపడడం లేదు. నేను అమ్మతో రోజూ కొంచెం కాంటొనీస్ మాట్లాడుతున్నాను. అమ్మకి అది వినోదం. నా రాగం పైకి పోతే అరచేతితో గాలిని కిందికి నొక్కి చూపిస్తుంది. ఇవాళ ఉప్పు అడగబోయి ఏం అడిగానో గానీ, గోడ పట్టుకుని మరీ నవ్వింది. ఏమిటో చెప్పమంటే పెళ్ళాం ముందు చెప్పే మాట కాదంది.

ఎల్సీ మాత్రం నాతో ఇంగ్లీషే. నేను కాంటొనీస్‌లో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది, దయగా, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడితో మాట్లాడినట్టు. భోజనాల దగ్గర, "డాడ్, నువ్వు తినొచ్చు."

తింటున్నాను.

ఆగస్టు 16, శనివారం

అమ్మతో ఆఖరి భోజనం. రేపు పొద్దున్న ప్రయాణం. చేప బుగ్గ నా గిన్నెలో వేసింది.

ఆగస్టు 18, సోమవారం

బడి మొదటి రోజు. గేటు దగ్గర ఎల్సీ ఎదురొచ్చిన ప్రతి టీచర్నీ పిలిచింది, చెప్పించుకుని మరీ. కాపలా ఆయన్ని కూడా. చెప్పింది నేనే. రెండుసార్లు వరస తప్పాను. ఒకాయనకి పదేళ్ళు ఎక్కువ వేశాను. ఇంకా క్షమించినట్టు లేడు.

సాయంత్రం వంట నాది. అన్నం అడుగంటింది, బచ్చలికూర నీళ్ళల్లో ఈదుతోంది. మేవ్ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడిచి కూచుంది. అమ్మ కుర్చీ ఖాళీ. ఆ కుర్చీ జరపాలని ఎవరికీ తోచలేదు.

ఎల్సీ చాప్‌స్టిక్కులు ముట్టుకోకుండా కూచుంది. అలవాటు ప్రకారం కుర్చీ వైపు తిరిగి, "నాయనమ్మా..." అని ఆగింది. కుర్చీని చూసింది. మేవ్ నా మోచెయ్యి పట్టుకుంది.

నాయనమ్మ ఏదో పని మీద వంటింట్లోకి వెళ్ళిందన్నట్టు, ఎల్సీ మిగతాది కూడా అనేసింది. "సిక్ ఫాన్."

తర్వాత, "మామీ, సిక్ ఫాన్."

"సిక్ ఫాన్!" అని అరిచింది మేవ్, పగిలిన కుండ గొంతుతో.

తర్వాత నా వైపు తిరిగింది. నేను ముద్ర కోసం సిద్ధంగా ఉన్నాను. తినొచ్చు అంటుంది, తింటాను. అడుగంటిన అన్నమే అయినా తింటాను.

అది నా మొహాన్ని చూస్తూ ఉంది, ఏ ఫైల్లో పెట్టాలా అని ఆలోచిస్తున్నట్టు.

"బాబా" అంది. "సిక్ ఫాన్."

నాన్నా, అన్నం తిను.

చాప్‌స్టిక్కులు కింద పెట్టాను. దాని వైపు తిరిగి అన్నాను. "సిక్ ఫాన్."

ఎల్సీ తల అడ్డంగా ఊపింది. చెయ్యి ముందుకి చాపి, అరచేతితో గాలిని మెల్లగా కిందికి నొక్కింది. నాయనమ్మ నాకు చూపించినట్టే.

"పైకి కాదు బాబా. కిందికి."

మళ్ళీ అన్నాను. కిందికి.